బకెట్లో ఒక్క తెల్ల గుల్ల

రాయ్‌స్టన్ లీక్‌కి అబద్ధమాడటం చేతకాదు. ఏడు పదుల బతుకులో ఒక్కటే ఆడాడు, అదీ టీవీ కెమెరా ముందు. ఆ ఒక్కదాన్నీ అతనికి దక్కనివ్వని మనిషిని నేనే. అలాంటిదానివి, అతని గురించి రాయడానికి నీకు చేతులెలా వచ్చాయంటారేమో. మరెవరు రాస్తారు? హోల్మర్ రేవులో ఆ సంగతులు తెలిసినవాళ్లు కొందరు పోయారు. ఉన్నవాళ్లకు గుర్తుంచుకోవడం ఇష్టం లేదు.

అతను మహా నిదానస్థుడు. బూట్లు కొనాలంటే మూడు శనివారాలు పట్టేది. మొదటి శనివారం చూసొచ్చేవాడు, రెండో శనివారం తొడుక్కుని చూసేవాడు, మూడో శనివారం కొనడానికి వెళ్లేసరికి ఒక్కోసారి ఆ సైజు అయిపోయేది. రేవులో అందరం నవ్వుకునేవాళ్లం. తాత, తండ్రి చేసిన పనే అతనూ చేశాడు. ఆటు వేళకి పడవని ఇసుక మేట మీద ఆనించి, దిగి, ఆల్చిప్పలు పారతో ఎత్తి గంపలు నింపడం. భార్య వెరా పోయేనాటికి కూతురు కొరిన్‌కి తొమ్మిదేళ్లు. ఆ పిల్లకి జడ వెయ్యడం నేర్పిస్తా రమ్మని నేనంటే, "తాళ్లు పేనేవాడికి జడ ఓ లెక్కా?" అన్నాడు. అన్నట్టే వేశాడు. ఎంత బిగించి వేశాడంటే, బడికెళ్లేటప్పుడు ఆ పిల్ల కనుబొమలు నెత్తి మీదికి లాగేసినట్టుండేవి. అయినా ఒక్కరోజు కూడా నొప్పి అని అనలేదట. తండ్రంటే అంత పిచ్చి దానికి.

కొరిన్ పెద్దదై ఊరవతల క్యాబేజీలు ప్యాక్ చేసే షెడ్డులో చేరింది. అక్కడే లిథువేనియా అనే ఐరోపా దేశం నుంచి పనికొచ్చిన డారియస్‌ని ఇష్టపడి చేసుకుంది. అల్లుణ్ని ఒప్పుకోవడానికి కూడా రాయ్‌స్టన్‌కి మూడు శనివారాలే పట్టింది. నాలుగో శనివారం పడవ ఎక్కించుకుని మేట చూపించడానికి తీసుకెళ్లాడు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నా పేరు హెస్టర్ మాబీ. మా ఆయన పోయాక ఆయన లైసెన్సు నాకొచ్చింది. పడవ లెన్ అనే మనిషి నడిపేవాడు. నేను ఒడ్డున కూర్చుని సంఘం కాగితాలు రాసేదాన్ని. హోల్మర్ మేట మీద చిప్పలెత్తే హక్కున్నవాళ్లం పదకొండుమందిమి. ఏటా మేట ఎప్పుడు తెరవాలన్నది వలల కొట్టంలో ఓటేసి తేల్చుకునేవాళ్లం. ప్రతివాళ్లూ జేబులో రెండు వేసుకొస్తారు, ఒక నల్ల ఆల్చిప్ప, ఒక తెల్ల గుల్ల. తారు పూసిన పాత బకెట్టు చేతులు మారుతూ వస్తుంది. లోపలికి చెయ్యి పెట్టి ఒకటి వదలాలి. నల్లదంటే ఔను, తెల్లదంటే కాదు. ఎవరు ఏది వేశారని అడగకూడదు. తాతల నాటి నుంచీ ఎవరూ అడగలేదు. అన్నదమ్ములు కోర్టుకెక్కి కొట్టుకున్న రోజుల్లో కూడా ఆ బకెట్టు దగ్గర ఒకణ్ని ఒకడు అడగలేదు.

రెండు వేల పదహారులో వసంతం వచ్చేసరికి దేశమంతటికీ ఒకటే మాట. ఐరోపా కూటమిలో ఉందామా, బయటికొచ్చేద్దామా? జూన్‌లో ఓటు. మా రేవులో మాత్రం జూన్ దాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు; మేమెటో ముందే బకెట్టులో తేల్చేద్దామన్నారు, నల్లదైతే బయటికి, తెల్లదైతే కూటమిలోనే. మా సంఘానికి పెద్ద గార్త్ అప్‌సాల్. నలభై అయిదేళ్లవాడు, రేవులోకెల్లా పెద్ద పడవవాడు, మాట ఈ గట్టు మీద అంటే ఆ గట్టుకి వినపడుతుంది. కూటమిలో ఉన్నన్నాళ్లూ మన సముద్రం మనది కాదన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మా అయ్యల కాలంలో ఈ రేవులో నలభై పడవలుండేవి. పై దేశాల పెద్ద నావలు దర్జాగా వచ్చి చేపలు పట్టుకుపోతుంటే, మావాళ్లు బుట్టెడు చేపలకి చేటెడు కాగితాలు రాసేవాళ్లు. సర్కారు విరగ్గొట్టించేసిన పడవల పేర్లు తల్చుకుని మందు కొట్టాక ఏడ్చే ముసలాళ్లు అప్పటికింకా ఉన్నారు. ఆ కోపం కొనుక్కొచ్చింది కాదు.

అయితే నాకొక అనుమానం. కాగితాలు రాసేదాన్ని కాబట్టి వచ్చిన అనుమానం. వారానికి రెండుసార్లు హాలండ్ నుంచి లారీ వచ్చి మా చిప్పల్ని బతికున్నవి బతికున్నట్టే తీసుకెళ్లేది. మా నీళ్లు అంత శుభ్రమైనవి కావు, ఇక్కడి చిప్ప ఎత్తినది ఎత్తినట్టే తినకూడదు. వాళ్లు తీసుకెళ్లి తమ శుభ్రమైన సముద్రంలో కొన్నాళ్లు పరిచి, అది లోపలి మురికంతా కక్కేశాక అమ్ముకునేవాళ్లు. దానికంతటికీ నేను రాసేది ఒక్క కాగితం. మరి బయటికొచ్చేస్తే? మేమేమో మా చిప్పని ముట్టం. హోల్మర్‌లో పుట్టినవాడు చేపా, బంగాళాదుంప వేపుడూ తింటాడు గానీ ఆల్చిప్ప తినమంటే మొహం అదోలా పెడతాడు. తరాల తరబడి అమ్ముతున్నాం, మా ఇళ్లలో దాన్ని ఉడికించే గిన్నె లేదు.

ఈ అనుమానం నేను కొట్టంలో అడగొచ్చు. అడగలేదు. అడిగితే గార్త్ ఏమంటాడో తెలుసు. అందుకని మీటింగు రోజు పొద్దున రాయ్‌స్టన్ చెవిలో వేశాను. నిదానంగా ఆలోచించే మనిషి, ఎవరితో పేచీ లేదు, అతనడిగితే వింటారనుకున్నాను. లేదు, నిజం చెప్పాలి. అడిగినవాడి మీద రాళ్లు పడితే అవి నా మీద పడకూడదనుకున్నాను.

"మంచి మాట చెప్పావు హెస్టరూ," అన్నాడు రాయ్‌స్టన్. "నా బుర్రకిది తట్టలేదు. నేనైతే బయటికే అనుకుంటన్నాను. అయినా అడిగి తెలుసుకుంటే తప్పేముంది?"

కొట్టంలోకి వెళ్లేసరికి గోడకి ఒక గుడ్డ బ్యానరు ఆరబెట్టి ఉంది. 'హోల్మర్ పడవలు పదకొండుకి పదకొండు, బయటికే' అని రాసేశారు. ఓటు ఇంకా వెయ్యలేదు, రంగు మాత్రం ఎండిపోయింది. బకెట్టు తిరగబోతుంటే రాయ్‌స్టన్ చెయ్యెత్తాడు.

"ఒక్క ముక్క గార్తూ. బయటికొచ్చేశాక మన చిప్పలు ఎవరు కొంటారు?"

"ఎవరేంటి మావా? ఇప్పుడు కొనేవోడే కొంటాడు," అన్నాడు గార్త్. "మానేస్తే ఎండేది ఆడి నోరు, మనది కాదు."

"ఆడు కొందామనుకున్నా, ఆళ్ల రూలు ఒప్పుకోవాలి కదా? మన నీళ్లు చూస్తే..."

"రూలంట్రోయ్!" గార్త్ అందరి వైపూ తిరిగాడు. "మావ రూలు మాట్టాడతన్నాడు. ఏం మావా, హాలండోళ్లు నీకేమన్నా పిల్లనిచ్చారా?"

"ఈయనకేమో అల్లుడు బయటోడు, ఈయనేమో బయటోళ్లకి అల్లుడు!" అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు. కొట్టం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. రాయ్‌స్టన్ కూడా కొంచెం నవ్వి కూర్చున్నాడు. అడిగినదానికి జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

బకెట్టు తిరిగింది. నా దగ్గరికొచ్చింది. నేను తెల్లది వదిలాను.

ఇందులో ధైర్యమేమీ లేదు. చీకట్లో కన్ను గీటితే ఎవరికి తెలుస్తుంది? అలాంటి పనే ఇదీ. నాకు అనుమానముంది, బకెట్టుకి నోరు లేదు, అంతే. బోర్లిస్తే పది నల్లవి, ఒక తెల్లది బల్ల మీద పడ్డాయి. గార్త్ ఆ తెల్లదాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. ఆ రేవులో అంతవరకూ ఎవరూ అడగని మాట అడిగాడు.

"ఎవడ్రా ఇది?"

తలలన్నీ రాయ్‌స్టన్ వైపు తిరిగాయి.

"నాది నల్లదే," అన్నాడతను. జేబులో చెయ్యి పెట్టి, మిగిలిన తెల్ల గుల్ల తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, తెల్లది నా దగ్గరే ఉంది."

"ఇలాంటియ్యి రేవంతా పడున్నాయి మావా. జేబునిండా వేసుకొస్తే మాకేం తెలుసు?"

అప్పుడు అందరి జేబులూ చూద్దాం అనాలనిపించాలి ఎవరికైనా. అనిపించలేదు. దొంగ దొరికాక ఇల్లిల్లూ వెతకరు కదా. నా కోటు జేబులో నల్ల ఆల్చిప్ప ఉంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఇంటికెళ్లి చూసుకుంటే అరచేతిలో అంచు దిగి రక్తం వచ్చింది. గార్త్ కుంచె తీసుకుని బ్యానరు మీది అంకెలు కొట్టేసి, 'హోల్మర్ పడవలన్నీ, ఒక్కడు తప్ప' అని రాశాడు. ఓటు రోజు దాకా అది పబ్బు గోడకి వేలాడింది.

ఆ ఒక్కడెవడో పక్క ఊళ్లవాళ్లకి కూడా తెలుసు. రాయ్‌స్టన్‌కి 'డచ్చి అల్లుడు', అంటే హాలండోళ్ల అల్లుడు, అని పేరు పడింది. ఒకరోజు అతని తలుపుకి హాలండోళ్లు వేసుకునే చెక్క బూట్లు మేకులతో కొట్టారు. ఇంకోరోజు పడవ నిండా తులిప్ పువ్వులు పోశారు. ఆ పువ్వులు కూడా మా పొలాల్లో పెరిగినవే, హాలండ్‌వి కావు, ఆ పాటి తెలివి కూడా లేదు వెధవలకి. అతను పబ్బులోకొస్తే, "అల్లుడుగారొచ్చారు, కుర్చీ వెయ్యండి" అనేవాళ్లు, కుర్చీలన్నీ కాళ్లతో లోపలికి లాక్కునేవాళ్లు. ఎవరైనా అయితే తిట్టి పోసేవాడు, లేదా మానేసేవాడు. ఇతను మాత్రం కనబడినవాడికల్లా సంజాయిషీ చెప్పేవాడు. మాంసం కొట్టువాడికీ, టపా తెచ్చే ఆవిడకీ, చర్చి మెట్లు ఊడ్చే ముసలావిడకీ. "నాది నల్లదేనండీ. నేనూ బయటికే." ఒట్టేసి చెప్పేవాడు. ఎంత ఒట్టేస్తే అంత నవ్వేవాళ్లు.

నవ్వనిది ఒక్క కొరిన్. ఆ మాటలు ఆ నోటా ఈ నోటా పడి ఆమెదాకా వెళ్లాయి. మే నెలాఖర్లో ఒక మధ్యాహ్నం రేవుకొచ్చింది. అప్పటికి కడుపుతో ఉంది. నేను పక్కనే గంపలు కడుగుతున్నాను.

"నాన్నా, బయటికే ఓటేస్తానని ఊరంతా తిరిగి చెప్తున్నావంట. నిజమేనా?"

ఇంకెవరైనా అయితే, అది ఊరి కోసం అన్న మాటలే అమ్మా అనేవాడు. రాయ్‌స్టన్ చేతిలో తాడు కింద పెట్టాడు.

"నిజమే అమ్మా."

"మొన్న మా తలుపు మీద ఏం రాశారో తెలుసా? మీ దేశం పొండి అని రాశారు. డారియస్ పొద్దున్నే లేచి నేను చూడకుండా కడిగేశాడు. నేను చూశాను."

"ఇది డారియస్ సంగతి కాదమ్మా. సముద్రం సంగతి."

"నాకు పుట్టబోయేది కూడా వాళ్లకి బయటిదే నాన్నా. దాన్నీ పొమ్మంటారు. నువ్వూ వాళ్లతో నిలబడతావు." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "ఇంక మా ఇంటికి రాకు."

అతను గట్టున నిలబడి ఆమె కారు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "అటోళ్లు నమ్మరు, ఇటోళ్లు నమ్మేశారు," అన్నాడు. ఎగతాళి చెయ్యడం తెలియని మనిషి, ఉన్న సంగతే చెప్పాడు. ఆ మాట ఆ తెల్ల గుల్ల వేసిన మనిషితోనే అంటున్నానని అతనికి తెలియదు. నేను గంప బోర్లించి నీళ్లు వంచాను.

జూన్ ఓటు కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇంకో అబద్ధం అవుతుంది. బడిలో ఓటు పెట్టారు. తడిక వెనక నేనూ, ఒక పెన్సిలూ, కాగితమూ. చూసేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. రాయ్‌స్టన్‌కి జరిగింది కళ్లారా చూశాను కాబట్టి, ఎవరూ చూడని చోట కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. బయటికే అని గీటు పెట్టాను. కొట్టంలో తెల్లది వేసిన మనిషి ఆ మూల బల్ల దగ్గర నల్లదైపోయింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బయటికే గెలిచింది. మూడు రోజులు తాగారు. గెలిచాకైనా రాయ్‌స్టన్‌ని వదిలేస్తారనుకున్నాను. గెలిచినవాళ్లకి ఓడినవాడొకడు కావాలి. రేవులో ఉన్నది అతనొక్కడే.

మరుసటి ఫిబ్రవరిలో పొగమంచు పట్టింది. పగలు పదకొండు గంటలకి చెయ్యి చాపితే వేళ్లు కనపడలేదట. మేట మీద మనుషులు పడవలకి దూరంగా వెళ్లి పని చేస్తారు. నీళ్లు తిరిగి పోటెక్కే వేళకి పెద్ద పడవ మీద కొమ్ము ఊదుతారు. ఎక్కడివాళ్లక్కడ పారతో రేకు డబ్బా మీద ఒక దెబ్బ కొట్టి జవాబివ్వాలి. పడవకొక దెబ్బ చొప్పున పదకొండూ లెక్కపెట్టి, చివరి మనిషి తన పడవెక్కేదాకా కొమ్ము ఊదుతూనే ఉండాలి. మంచులో ఆ కొమ్మే దారి. ఆ రోజు కొమ్ము దగ్గరున్నది గార్త్.

"పది," అన్నాడట. "అందరూ వచ్చేశారు." కొమ్ము ఆగిపోయింది.

లెన్ సాయంత్రం నా వంటింట్లో టీ తాగుతూ చెప్పాడు. "పదకొండో దెబ్బ నేనిన్నాను హెస్టరక్కా. అందరం ఇన్నాం." కప్పు కింద పెట్టాడు. "ఎవరూ ఏం అనలేదు. నేనూ అన్లేదు."

రాయ్‌స్టన్ ఎటు నడిచాడో అతనికే తెలియదు. మేట వెనకపాయలో నీళ్లు గుండెల దాకా వచ్చాయి. పడవ చెయ్యికి తగలడం అతని అదృష్టం. దాన్ని అదృష్టమనాలో మరేమనాలో. అయిదు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు సగం పనికిరాకుండా పోయాయి. చూడ్డానికి వెళ్తే, "కొరిన్‌కి చెప్పకు హెస్టరూ, పసిపిల్ల తల్లి, కంగారుపడుద్ది," అన్నాడు. అప్పటికి మనవరాలు పుట్టి నాలుగు నెలలు. పేరు లీనా అని టపా ఆవిడ ద్వారా తెలుసుకున్నాడు. నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని తప్పినందుకు నాకు హాయిగా ఉండింది. ఆ వేసవిలో అతని పడవనీ, మేట మీద అతని వాటానీ గార్తే తీసుకున్నాడు. కొమ్ము గురించి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు అతను కర్ర పట్టుకుని రేవుదాకా నడవడం, ఆయాసం తీరేదాకా కూర్చోవడం, ఇంటికెళ్లడం. కొరిన్ రాలేదు. పుట్టినరోజుకి కార్డు వేసేవాడు, జవాబు వచ్చేది కాదు.

రెండు వేల ఇరవై ఒకటి జనవరిలో దేశం కూటమి రూళ్లలోంచి కూడా నిజంగానే బయటికొచ్చింది. హాలండ్ లారీ రాలేదు. మంగళవారం రాలేదు, శుక్రవారం రాలేదు. ఇప్పుడు మేం బయటివాళ్లం. బయటివాళ్ల బతికున్న చిప్పలు వాళ్ల నీళ్లలో పరచకూడదు, ముందే శుభ్రం చేసి పంపితే తీసుకుంటారు. శుభ్రం చేసే తొట్లు మాకు లేవు. తరతరాలుగా ఆ పని వాళ్లదే కదా. గార్త్ ఫోన్లో అరిచాడు, కాగితాలు పంపమన్నాడు, పంపాను, తిరిగొచ్చాయి. మేట నిండా చిప్పలు ముదిరిపోయి, ఒకదాని మీద ఒకటి పేరుకుని చచ్చాయి. ఏప్రిల్‌కి ఆ కంపు ఊళ్లోకొచ్చింది. పదకొండు పడవల్లో ఏడు అమ్మకానికి పెట్టారు, కొనేవాడు లేడు. ఆకులు పట్టుకుందామంటే చేతులే మిగల్లేదు.

అప్పుడు టీవీవాళ్లొచ్చారు. మైకు పట్టుకున్న అమ్మాయి గార్త్‌ని అడిగింది. "ఇలా అవుతుందని మీలో ఎవ్వరికీ అనిపించలేదా అండీ?"

గార్త్ తల వంచుకుని, ఎన్నడూ లేనంత మెల్లిగా, "ఒకాయనకి అనిపించిందమ్మా. మేమే ఇనలేదు," అన్నాడు. సరే, రాయ్‌స్టన్‌ని పిలుచుకొచ్చారు. ఎవడో కుర్చీ కూడా వేశాడు.

"మీరొక్కరే కూటమిలో ఉండాలని ఓటేశారట, నిజమేనా తాతగారూ?"

నేను అతని వెనకే ఉన్నాను. ఏమంటాడో నాకు తెలుసు. అయిదేళ్లుగా ఊరికి విసుగుపుట్టేలా చెప్పిన మాటే చెప్తాడు. అతను ఆ అమ్మాయి వైపు చూడలేదు, కెమెరా వైపే చూశాడు. మూడు శనివారాల ఆలోచన ఆ కాసేపట్లోనే చేసినట్టున్నాడు.

"అవునమ్మా. ఆ తెల్లది నాదే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత కచ్చితంగా ఎందుకు చెప్తున్నానంటే, అప్పుడు నాకు జాలి కలిగిందనో, సిగ్గు కలిగిందనో అనుకుంటారేమోనని. అలాంటిదేమీ లేదు. నా వస్తువు ఎవడో ఎత్తుకుపోయినట్టు మండింది. అందరూ గుడ్డివాళ్లైన రోజు చూసిన కళ్లు నావి. కాగితాలు చదివి, ఆలోచించి, అనుమానించింది నేను. అతని బుర్రకి అది తట్టనే లేదని అతనే అన్నాడు. ఇప్పుడు ఊరంతా అతన్ని చూసి టోపీలు తీస్తోంది. దెబ్బలు అతను తిన్నాడన్నది నాకు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. దెబ్బలు తిన్నంతమాత్రాన అది అతనిదైపోతుందా అనుకున్నాను.

ఆ రాత్రి వార్తల్లో అది వచ్చిందట. కొరిన్ ఫోను చేసింది. ఆ సంగతి మర్నాడు రాయ్‌స్టనే నా గుమ్మంలో నిలబడి, ఆయాసపడుతూ చెప్పాడు. "ఆదివారం వత్తందంట హెస్టరూ. పిల్లని కూడా తెత్తందంట." తెల్ల గుల్ల ఎవరిదో తనకి తెలుసనీ, తెలియదనీ ఏమీ అనలేదు. నాతో అనడానికి అతనికి ఆ ఒక్క ముక్కే ఉంది.

ఆదివారం గార్త్ పబ్బులో పెద్ద భోజనం పెట్టించాడు. పార్స్లీ ఆకు కుక్కి ఉడికించిన పంది మాంసం, బఠాణీలు, బంగాళాదుంపలు. రాయ్‌స్టన్ పెళ్లినాటి కోటు తొడుక్కొచ్చాడు. అందులో సగం మనిషే ఉన్నాడు. లీనా అతని ఒళ్లో కూర్చుంది. నాలుగున్నరేళ్ల పిల్ల, తెల్లటి జుట్టు, తాతని అంతకుముందు చూసి ఎరగదు. అయినా అతని చెవులు పట్టుకుని లాగుతోంది. అతను దాని పళ్లెంలో మాంసం చిన్న చిన్న ముక్కలు చేస్తున్నాడు.

"అయిదేళ్లు నాతో అబద్ధం ఎందుకు చెప్పావు నాన్నా?" అంది కొరిన్. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఒక్క మాట చెప్పుంటే నేనొచ్చేదాన్ని కాదా?"

అతను ముక్కల్ని ఇంకా చిన్నవి చేశాడు.

గార్త్ గ్లాసెత్తాడు. "ఇనండర్రా. ఈ రేవులో ఎన్నెముకున్నోడు ఒక్కడే. మేం ఆణ్ని కుక్క కన్నా హీనంగా చూశాం. తప్పు మాది." బల్లలు చరిచారు. ఒకరిద్దరు ఏడ్చారు. కొమ్ము ఆపేసిన చెయ్యి రాయ్‌స్టన్ భుజం మీద పడింది.

ఇంక నా వల్ల కాలేదు.

"ఆ తెల్ల గుల్ల నాది," అన్నాను.

"హెస్టరక్కకి రెండో గ్లాసుకే ఎక్కేసిందిరా!" గార్త్ నవ్వాడు.

"ఎక్కలేదు. నేనే వేశాను. ఆ ప్రశ్న కూడా నాదే, ఇతనితో నేనే అడిగించాను. కావాలంటే అతన్నే అడగండి. నిజం నిజమే కదా, ఎన్నాళ్లు దాస్తాం?"

నిజం అన్న మాట నా నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో. కొరిన్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా?"

ఒక్క క్షణం అతను నా వైపు చూశాడు. కోపంగా చూసుంటే ఇవాళ నేనిది రాసేదాన్ని కాదేమో. వద్దు హెస్టరూ అని అడుగుతున్నట్టు చూశాడు, అంతే. నేను కళ్లు తిప్పుకున్నాను.

"నాది నల్లదే అమ్మా," అన్నాడు.

అయిదేళ్లపాటు కనబడినవాడికల్లా ఒట్టేసి చెప్పిన మాట. ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. ఆ రోజు అందరూ నమ్మారు.

కొరిన్ లేచి, పిల్లని అతని ఒళ్లోంచి ఎత్తుకుంది. లీనా చేతిలో ఫోర్కు ఉంది, దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. పిల్లకి కోటు తొడిగే ఓపిక కూడా లేక భుజం మీద వేసుకుని వెళ్లిపోయింది. గార్త్ గ్లాసు దించి, "ఎంత మోసం చేశావు మావా," అన్నాడు. కొమ్ము ఆపినవాడే. ఒక్కొక్కరే బల్ల దగ్గర్నుంచి లేచారు. రాయ్‌స్టన్ తరిగిన ముక్కలు పళ్లెంలో అలాగే ఉన్నాయి. అతను వాటిని ఫోర్కుతో ఒక పక్కకి నెట్టి, లేవడానికి బల్ల పట్టుకున్నాడు. సాయం పట్టేవాళ్లు లేరు. నేనూ పట్టలేదు. నన్ను అప్పటికే ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టి, అంత ముందుచూపు నీకెలా వచ్చింది హెస్టరక్కా అని అడుగుతున్నారు.

మరుసటి ఏడాది చలికాలంలో పోయాడు. ఊపిరితిత్తులే. పాతిపెట్టేటప్పుడు తొమ్మిదిమందిమి ఉన్నాం. కొరిన్ ఒక్కతే వచ్చింది, దూరంగా నిలబడింది. అంతా అయ్యాక నేను దగ్గరికి వెళ్లాను. మంచు రోజు గురించి, పదకొండో దెబ్బ గురించి, తన తండ్రి ఆస్పత్రిలో పడుకుని తనకి చెప్పొద్దన్న సంగతి గురించి చెబుదామనే వెళ్లాను. ప్రమాణం చేసి చెప్తున్నాను, చెబుదామనే వెళ్లాను.

నేను నోరు తెరిచేలోపే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"హెస్టర్ ఆంటీ, మీకు థాంక్స్ చెప్పాలని అప్పట్నుంచీ అనుకుంటున్నా," అంది. "ఈ ఊళ్లో నాతో నిజం చెప్పింది మీరొక్కరే."

"ఫర్వాలేదమ్మా," అన్నాను.